జరీ అంచు జెండా

నేను శాలువా కప్పుకుని, మైకు పట్టుకుని, ఒక స్వాతంత్ర్య సమరయోధుడి జెండాను ఎగతాళి చేస్తున్న వీడియో మీలో కొందరి ఫోన్లకు వచ్చే ఉంటుంది. మా తెనాలిలో కూరగాయలామెకు కూడా వచ్చింది. "భలే నవ్వించారండీ" అని కొత్తిమీర ఊరికే ఇచ్చింది. ఆ కొత్తిమీర తీసుకున్నాను గాని, వీడియోలో నేను చెప్పింది నిజం కాదు. నిజమేదో చెప్పడానికి ఒక మనిషి నా పక్కనే నిలబడి నోరు తెరిచింది. వినకుండా భోజనానికి పోయాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చూడనివాళ్ళ కోసం ఆ ప్రయాణం రాస్తూ, ఆ సంగతి కూడా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

హిందూపురం

స్టేషన్ నుంచి మార్కెట్ వైపు నడిస్తే ముందు ముక్కుకు తగిలేది చింతపండు, తర్వాత బెల్లం. కాసేపటికి రెండూ కలిసిపోయి, ఊరంతా ఎవరో పులుసు పొయ్యి మీద పెట్టి మరిచిపోయినట్టు ఉంటుంది. ఆ వాసన మధ్యలో నా స్నేహితుడు నాగరాజు మండీ. గుంటూరు మిరప యార్డులో చాలా ఏళ్ళ కిందట పరిచయమయ్యాడు. మూటలు మోసేవాళ్ళతో కన్నడంలో మాట్లాడతాడు, నాతో తెలుగులో మాట్లాడతాడు, ఫోనులో రెండూ కలిపేస్తాడు. డబ్బు సంగతి వస్తే మాత్రం ఎవరితోనైనా 'దుడ్లు' అనే అంటాడు.

"ఏమప్పా, చిక్కిపోయినావే. మీ పక్క అన్నం తినేది మానేసినారా?" అన్నాడు చూడగానే.

మానలేదని రుజువు చేసుకునే అవకాశం మధ్యాహ్నం వాళ్ళింట్లో వచ్చింది. రాగి సంగటి, శెనగవిత్తనాల ఊరుబిండి అనే వేరుశెనగ పచ్చడి, ఆకుకూర పులుసు. మా వైపు అన్నాన్ని నములుతాం కదా, సంగటినీ నమలబోయాను. ముద్ద పై పళ్ళకు సగం, కింది పళ్ళకు సగం అతుక్కుని నోరు మూసుకుపోయింది. నాగరాజు తల్లి జాలిగా చూసింది.

"నమిలేది కాదు నాయనా. పులుసులో అద్ది మింగేయల్ల."

"పాపం, వాళ్ళకు సంగటి యాడ తెలుసమ్మా," అన్నాడు నాగరాజు. "ఆడ అన్నీ మెత్తటి మనుషులు."

మింగడం నేర్చుకున్నాక అది గొంతులోంచి ఎంత హుందాగా దిగుతుందో తెలిసింది. ఇంటికొచ్చి మా ఆవిడకు చెబితే రాగులు మొలకలకే బాగుంటాయంది.

తిన్నాక నాగరాజు అసలు విషయానికి వచ్చాడు. పెనుకొండలో వాళ్ళ కులసంఘం కల్యాణమంటపం ఉంది. అందులో ఒక గదిని నంజప్ప మ్యూజియం చేశారు. మర్నాడు ఆయన జయంతి సభ, నేను మాట్లాడాలి.

"నంజప్ప ఎవరు?"

"తెల్లోళ్ళ కాలంలో పెనుకొండ కోట ఎక్కి జెండా ఎగరేసినాడప్పా. దెబ్బలు తిని బళ్ళారి జైలుకు పోయినాడు. మావాడే."

ఈ 'మావాడే' అన్న మాట చెప్పేటప్పుడు నాగరాజు గొంతులో, సొంత తోట మామిడిపండు ముందు పెట్టేవాడి గర్వం పలికింది. సభ ఫ్లెక్సీ అప్పటికే మండీ ముందు కట్టి ఉంది. సంఘం అధ్యక్షులు మనిషెత్తున నమస్కారం పెడుతున్నారు. గౌరవాధ్యక్షులు, కార్యదర్శి, యువజన విభాగం, వాళ్ళ వెనక వాళ్ళ పిల్లలు. ఒక మూల తపాలాబిళ్ళంత చోటులో కళ్ళద్దాల ముసలాయన. ఆయనే నంజప్ప అనుకున్నాను. కాదు, ఫ్లెక్సీ కొట్టినవాడి ఫోన్ నంబరు పక్కన వాడు పెట్టుకున్న వాళ్ళ నాయన బొమ్మ. నంజప్ప అధ్యక్షులవారి మోచేయి వెనక ఉన్నాడు.

ముఖ్యవక్త 'ప్రముఖ రచయిత' నేను. నా బొమ్మ నంజప్ప కంటే పెద్దది. నిజం చెప్పాలంటే, అప్పుడు దానిలో నాకు తప్పేమీ కనబడలేదు.

పెనుకొండ

మర్నాడు ఉదయం నాగరాజు కారులో వెళ్ళాం. పెనుకొండలో కొండమీద రాజుల కోట, కింద రోడ్డు పొడవునా కొరియా అక్షరాల బోర్డులు. దగ్గర్లో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కొరియావాళ్ళు వచ్చారు, వాళ్ళ కోసం హోటళ్ళు వచ్చాయి. ఒక బోర్డు కింద తెలుగులో 'ఇచట చిత్రాన్నం కూడా దొరుకును' అని ఉంది. ప్లేటు ముప్పై రూపాయలు, నిమ్మకాయ పిసినారితనం లేకుండా పిండారు. మా వైపు ఆ డబ్బుకు పులిహోర పొట్లం వస్తుంది, అందులో జీడిపప్పు ఉందని నమ్మకం మాత్రమే వస్తుంది.

కల్యాణమంటపం తోరణం మీద నంజప్ప పేరు బంగారు రంగులో ఉంది. పేరు చివర కులం తోక అంతకంటే పెద్ద అక్షరాల్లో ఉంది. జైలుకు పోకముందే ఆయన ఆ తోక తీసేశాడని ఆ రోజే తెలిసింది. ఆయన తీసేశాడు, వీళ్ళు చందాలు వేసుకుని తిరిగి అతికించారు, లైట్లు కూడా పెట్టారు. స్వరాజ్యం వచ్చిందనడానికి ఇంతకంటే ఏం కావాలి.

మ్యూజియం గది భోజనశాల పక్కన. లోపలికి వెళితే చరిత్ర కంటే ముందు సాంబారు వాసన వస్తుంది. గదిని చూసుకునేది హనుమక్క. అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైంది. నంజప్పకు పిల్లలు లేరు, ఈమె ఆయన తమ్ముడి మనవరాలు. గదిలో ఉన్న ప్రతి వస్తువూ ఆమె ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చిందే.

"ఈ సత్తుపళ్ళెం తాతదే సార్. జైలు నుంచి తెచ్చుకున్నాడు," అంది. తర్వాత కళ్ళద్దాలు చూపించింది. "ఇవి ఆయనవి కావు. మా నాయనవి. ఆయనవి పోయినాయి. ఇట్లాంటివే ఉంటాండె."

నాకు లోపల నవ్వొచ్చింది. మ్యూజియంలో వేరేవాళ్ళ కళ్ళద్దాలు. కర్ర కూడా అంతే: "ఇది ఆయన పట్టుకున్న కర్ర కాదు, పోలీసోళ్ళు కొట్టిన కర్ర మాదిరిది. పిల్లోళ్ళకు చూపించేకి పెట్టినా." అప్పటికే నా తలలో వాక్యాలు తయారవుతున్నాయి. రాసేవాడికి ఉండే జబ్బు అది. కళ్ళు చూడటం మానేస్తాయి, చేతులు దురదపెడతాయి.

చివరి గోడకు అద్దాల పెట్టెలో జెండా ఉంది. మూడు రంగులు, మధ్యలో రాట్నం. కాని గుడ్డ పట్టు. చుట్టూ బెత్తెడు జరీ అంచు. రాట్నాన్ని చీర మీద బుటాలా నేశారు. నాలుగు మూలలా మామిడి పిందెలు.

హనుమక్క పెట్టెకు అడ్డంగా నిలబడింది. "సార్, ఈ జెండా సంగతి ముందు వినల్ల మీరు. ఇది..."

తలుపు దగ్గర నుంచి నాగరాజు పిలిచాడు. "ఓళిగలు వడ్డిస్తాండారప్పా. వేడి మీద తినల్ల."

"తెలుసులెండి, తర్వాత వింటాను," అన్నాను హనుమక్కతో. తెలిసిందేమీ లేదు. ఓళిగలు మాత్రం బాగున్నాయి. మా బొబ్బట్లు దళసరిగా, సంసారపక్షంగా ఉంటాయి. ఇవి చేతిరుమాలులా పలుచన, విస్తరిని మించిన వెడల్పు, మీద నెయ్యి ధార. తిన్నవి ఎన్నో చెప్పను.

మైకు

సభ భోజనాల తర్వాత పెట్టారు, జనం నిద్రమత్తులో ఉంటారని కాబోలు. నాకు శాలువా కప్పారు. సూరత్ పాలిస్టరు, బెత్తెడు జరీ అంచు. ఆ అంచు నా మెడకు గీరుకుంటుండగానే నేను జెండా అంచు మీద మాట్లాడాను. ఈ సంగతి నాకు వీడియో చూశాకే తట్టింది.

"నంజప్పగారు కొండెక్కింది స్వరాజ్యం కోసమనే ఇన్నాళ్ళూ అనుకున్నాను," అన్నాను. "మీ మ్యూజియంలో ఇదే అసలు జెండా అని పెట్టిన పట్టుగుడ్డ చూశాక తెలిసింది, ఆయన ఆడబిడ్డకు చీర పెట్టడానికి వెళ్ళాడు. తెల్లదొర లాఠీ ఎత్తింది జెండా ఎగరేసినందుకు కాదు. చీరతో పాటు రవికెగుడ్డ ఏదని అడగడానికి."

నిద్రపోతున్నవాళ్ళు లేచారు. లేచినవాళ్ళు పక్కవాళ్ళను లేపారు. ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు కెరటంలా వచ్చింది. నేను కళ్ళద్దాల మీదికీ కర్ర మీదికీ వెళ్ళాను. ఏ సభలోనూ నాకు అన్ని చప్పట్లు రాలేదు.

అధ్యక్షులవారు చప్పట్లు ఆగనివ్వకుండా మైకు అందుకున్నారు.

"పెద్ద రచయితగారే చెప్పినారు. నకిలీ సరుకు పెట్టుకొని ఊరి పరువు తీసుకుంటాండాము. పెండ్లికూతురు చెమటలు కారుకుంటా కూర్చుంటాంది, ఏసీ గది లేదని పెండ్లిండ్లన్నీ హిందూపురానికి పోతాండాయి. ఆ గదిని పెండ్లికూతురి గది చేద్దాము. నంజప్పగారికి బయట విగ్రహం పెడదాము. సరేనన్నవాళ్ళు చేతులెత్తండి."

ఓళిగలు తిన్న చేతులన్నీ లేచాయి. వెనక వరసలో హనుమక్క లేచి నిలబడింది. చెయ్యెత్తడానికి కాదు. "ఒగ మాట చెప్పల్ల," అంది గట్టిగానే. అధ్యక్షులవారు సౌండు కుర్రాడి వైపు చూసి తలాడించారు. సౌండు పెట్టెల్లోంచి జనగణమన మొదలైంది.

అందరూ నిలబడ్డారు. హనుమక్క అప్పటికే నిలబడి ఉంది. చేతులు కిందికి చాచి, నోరు మూసుకుని, కదలకుండా ఉంది. జాతీయగీతం వస్తుంటే నంజప్ప ఇంటి మనిషి మాట్లాడదు. అది వాళ్ళకు తెలుసు. పాట అయ్యేసరికి కుర్చీలు మడుస్తున్నారు.

నాకు అక్కడే ఏదో తేడాగా అనిపించింది. కాని నాతో సెల్ఫీ కోసం యువజన విభాగం వరస కట్టింది.

ధర్మవరం

మర్నాడు రైల్లో ధర్మవరం వెళ్ళాను. మా ఆవిడకు పట్టుచీర కొనాలి. నాగరాజు ఒక నేతగాడి ఇల్లు చెప్పాడు, దుకాణంలో కొంటే మోసపోతానని. ఇంటి దగ్గర కొని మోసపోతే నెపం స్నేహితుడి మీద వేయొచ్చు కదా అని వెళ్ళాను.

ఆ వీధిలో ఒకింట్లో మరమగ్గం రైలింజనులా మోగుతుంటే, పక్కింట్లో గుంటమగ్గం టకటకమంటోంది. నేతగాడు చౌడప్ప గుంటలో కాళ్ళు పెట్టుకుని, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని ఉన్నాడు. నేను పెనుకొండ నుంచి వస్తున్నానని విని, ఇయర్‌ఫోను తీశాడు.

"పెనుకొండలో నా జెండా చూసినావా?"

"మీ జెండానా?"

"నంజప్ప గదిలోది. నేనే నేసినా. దుడ్లు తీసుకోలేదు," అన్నాడు. "ఎట్ల ఉండాది?"

చీరలు చూపించమన్నాను. వినలేదు.

"ఆ హనుమక్క వచ్చి, నూలుగుడ్డ కావల్ల, మూడు రంగులు, అంచు గించు వద్దు అనె. తాతది పోలీసోళ్ళు ఆ రోజే కాల్చేసినారంట, మిగల్లేదు. పిల్లోళ్ళకు చూపించేకి ఒకటి కావల్ల అనె. నేను ఒప్పుకుంటి. మగ్గం మీద ఎక్కించినాక చూస్తే బోడిగా ఉండాది అప్పా. అంత పెద్దాయన పేరు మీద పోయే గుడ్డ బోడిగా పోతే నా మొగం యాడ పెట్టుకునేది? పట్టు వేస్తి. అంచు వేస్తి. అంచు వేసినాక బుటా లేకుంటే ఎట్ల? మూలలు ఊరికే ఉంటే ఎట్ల?"

"జెండాకు మామిడి పిందెలు ఉండవు కదా."

"అందుకే వేసినా. ఊరూరికీ ఉండే జెండా మాదిరి ఉంటే నేనెందుకు నేసేది?" అన్నాడు. తప్పు చేశానన్న అనుమానం అతని ముఖంలో ఎక్కడా లేదు. "ఆమె చూసి నన్ను తిట్టిన తిట్లు ఈ వీధంతా వినె. ఇది జెండానా, సీమంతం చీరనా అనె. నేను విప్పి మళ్ళీ నేయను అంటి. దాంతో ఏం చేసిందో తెలుసా? గది తెరిచిన రోజు నన్ను పిల్చుకొని పోయి, అందరి ముందర నిలబెట్టి చెప్పించింది. ఇది తాత జెండా కాదు, నేను నేసింది, అంచు నా తిక్క అని. ఇప్పటికీ వచ్చినోళ్ళకు ముందు అదే చెప్తుందంట. చెప్పలేదా నీకు?"

చెప్పబోయింది. 'ఇది' అన్న మాట వరకు చెప్పింది.

చౌడప్ప ఫోను తీసి నా వీడియో చూపించాడు. పొద్దున్నే ఎవరో పంపారట. అందులో ఉన్నది నేనేనని అతను గుర్తుపట్టలేదు, శాలువా వల్ల కాబోలు. "ఈడెవడో మైకు దొరికితే వాగినాడు. నా జెండాను చీర అంటాడు. అనుకోనీ. ఆమెను దొంగ చేసినాడు చూడు, అది తప్పు," అన్నాడు. అతనికి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. చీర కొనకుండా లేచాను. బేరం కుదరలేదేమో అనుకుని అతను ధర తగ్గిస్తూ వీధి మలుపు దాకా వచ్చాడు.

మళ్ళీ పెనుకొండ

మా ఊరి రైలు సాయంత్రం ధర్మవరంలోనే ఎక్కాలి. దాన్ని వదులుకుని పెనుకొండకు తిరుగు రైలెక్కాను. కల్యాణమంటపంలో మ్యూజియం గోడకు ఏసీ కోసం కన్నం కొడుతున్నారు. సంఘాలు ఏ పనీ సమయానికి చేయవని ఎవరన్నారో గాని, వాళ్ళు ఈ గోడ చూడలేదు. నాగరాజు దగ్గరుండి చేయిస్తున్నాడు.

"నేను తప్పు చెప్పానయ్యా," అన్నాను. "ఆమె దాన్ని అసలు జెండా అని ఎవరికీ చెప్పలేదు."

"తెలుసు."

"తెలుసా?"

"మేమందరమూ విన్నాము గదా, చౌడప్ప చెప్పినప్పుడు. నువ్వు యాడికి పోయినా ఏదో ఒకటి ఎగతాళి చేస్తావు. నీ రాతలు చదివే పిల్చినాము. ఆ గది తీసేద్దామని మేము చెప్తే కులపోళ్ళు కొట్లాటకు వస్తారు. నువ్వు చెప్తే నవ్వుతారు." భుజం తట్టాడు. "బాగా చెప్పినావులే."

నా జీవితంలో నా రచనాశైలికి అందిన అత్యంత నిజాయితీ గల సమీక్ష అది. ఇంకోసారి సభ పెట్టమన్నాను, తప్పు ఒప్పుకుంటానన్నాను. సభంటే భోజనాలు పెట్టాలి, మళ్ళీ జయంతి దాకా కుదరదన్నాడు.

నిజం చెప్పడం బయట టీకొట్టు నుంచే మొదలుపెడదామనుకున్నాను. టీ పోసే ఆయనకు నంజప్ప జెండా గురించి ఒక సంగతి చెప్పాలన్నాను.

"నాకు తెలుసు సార్, వినండి," అని అతనే మొదలుపెట్టాడు. నా జోకు నాకే చెప్పాడు. రవికెగుడ్డ దగ్గర ఆగలేదు. పసుపు కుంకుమ, తాంబూలం, చివరికి తెల్లదొర భార్య ఆ చీర కట్టుకుని లండన్ పోవడం దాకా తీసుకెళ్ళాడు. నాకంటే బాగా చెప్పాడు. బెంచీ మీద వాళ్ళంతా నవ్వారు. అది నిజం కాదని నేనన్నాను.

"జోకు గదా సార్," అన్నాడు అతను నా మీద జాలిపడి. "నిజమెందుకుంటుంది?"

హనుమక్క ఇల్లు అడిగి వెళ్ళాను. వసారాలో సామాను పరిచి ఉంది. జెండా పెట్టె గోడకు ఆనించి ఉంది. కోడలు లోపల నుంచి, ఇదంతా ఇంట్లో యాడ పెడతావత్తా, బియ్యం మూటలు యాడికి పోవల్ల అని గొణుగుతోంది. నేను చేతులు జోడించి జరిగిందంతా చెప్పాను. ఆమె వాళ్ళ నాయన కళ్ళద్దాలు తుడుస్తూ విన్నది.

"నువ్వు చెడ్డోడివి కాదప్పా," అంది. "తొందరోడివి. ఓళిగలు యాడికీ పోవు గదా."

"నేనేం చేయను అక్కా?"

"ఏమో. నాకేం తెలుసు. గది అడిగితే ఇస్తారా? ఇయ్యరు." పళ్ళెం చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టింది. "గది పోతే పోనీ. తాత జైలుగదిలో ఉండి వచ్చినోడు. నన్ను అబద్ధాలమారి అంటాండారు సార్. ఇన్నేండ్లు బడిపిల్లోళ్ళకు ఇది నిజం, ఇది కాదు అని ఒక్కొక్క సామానూ చెప్పుకుంటా వచ్చినా. పొద్దున ఒక పిల్లోడు వచ్చి, టీచరమ్మా, పళ్ళెం గూడా ఉత్తదేనా అని అడిగె."

ఆమె కింద పెట్టిన పళ్ళెం చేతిలోకి తీసుకున్నాను.

"నువ్వు మైకులో చెప్పినావు. నేను ఇంటింటికీ పోయి చెప్పల్ల. ఎంతమందికని చెప్పేది?" అంది. "నువ్వు రాసేవాడివి గదా. సంగటి రాయి, చీరలు రాయి, నవ్వించేది అంతా రాయి. దాంట్లో ఈ ముక్క గూడా రాయి. నవ్వుతా నవ్వుతా చదివినా పర్వాలేదు," అంది.

అందుకని రాశాను. పెనుకొండ వెళ్ళేవాళ్ళు కోట చూడండి, చిత్రాన్నం తినండి. కల్యాణమంటపంలో మ్యూజియం కోసం అడగకండి, అక్కడ పెళ్ళికూతుళ్ళు చల్లగా ఉన్నారు. హనుమక్క ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు, కొందరు నవ్వుతూ చూపిస్తారు. వసారాలో బియ్యం మూటల పక్కన నంజప్ప సామాను ఉంటుంది. పళ్ళెం ఆయనది. కళ్ళద్దాలు ఆమె నాన్నవి. కర్ర ఎవరిదీ కాదు. జెండా ధర్మవరంలో చౌడప్ప నేసింది, అంచు అతని ఇష్టం. నంజప్ప ఎగరేసిన జెండాను పోలీసులు కాల్చేశారు. గోడ మీదున్నదే ఆ జెండా అని హనుమక్క ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. ఆ మాట చెప్పింది నేను.